నార్వే ఫియోర్డులు, మన పాపికొండలు: కొండల నడుమ నీళ్ల సఫర్‌కు వెళ్లేముందు తెలుసుకోవాల్సినవి

ఈద్ సెలవులు దగ్గరపడితే చాలు, ఖాందాన్ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. "ఈసారి ఎక్కడికి పోదాం?" ఎవరో ఒకరు నార్వే వీడియో పెడతారు. రెండు వైపులా ఆకాశాన్ని తాకే కొండలు, నడుమ అద్దంలాంటి నీళ్లు, కొండ మీదినుంచి దారాల్లా జారే జలపాతాలు, కింద బొమ్మలాంటి ఓడ. అందరూ "మాషా అల్లాహ్" అంటారు. తర్వాత ఎవరో ఖర్చు అడుగుతారు. గ్రూపు సైలెంట్ అయిపోతుంది.

ఆ వీడియోలో కనిపించేది ఏమిటి, అది అట్లా ఎందుకు తయారైంది, అలాంటిది మన దగ్గర ఉందా, వరంగల్ నుంచి ఎట్లా పోవాలి, పోతే ఏం జాగ్రత్త పడాలి? ఈ ప్రశ్నలకు ఒక్కచోట జవాబు చెప్పుకుందాం. జాగ్రత్త అన్న మాట ఊరికే అనడం లేదు. కొండల నడుమ నీళ్ల దారి ఎంత అందమో అంత ప్రమాదం కూడా. ఆ సంగతి మన వరంగల్‌కు బాగా తెలుసు.

ఫియోర్డ్ అంటే ఏమిటి?

మాట కొత్తదైనా విషయం సులువు. ఫియోర్డ్ అంటే సముద్రం నీళ్లు నిండిన లోతైన కొండలోయ. చూడటానికి నదిలా ఉంటుంది, కానీ అది నది కాదు. నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఆటుపోట్లు వస్తాయి, సముద్రం చేపలు దొరుకుతాయి.

మంచుయుగంలో నార్వే మొత్తం మంచు కింద ఉండేది. వందల మీటర్ల మందంతో పేరుకున్న మంచు తన బరువుకు తానే మెల్లగా సముద్రం వైపు జారింది. దీన్నే హిమానీనదం అంటారు. అది జారుతూ జారుతూ కింద ఉన్న రాయిని గీకేసింది. నది కొండను కోస్తే లోయ ఇంగ్లీషు 'వి' అక్షరంలా సన్నగా వస్తుంది. హిమానీనదం కోస్తే 'యు' అక్షరంలా వస్తుంది: అడుగు వెడల్పు, పక్కలు గోడల్లా నిట్టనిలువు. సుమారు పది, పన్నెండు వేల ఏళ్ల కింద మంచు కరిగి వెనక్కి తగ్గింది. ఖాళీ అయిన లోయల్లోకి సముద్రం వచ్చి చేరింది. అవే ఇప్పుడు మనం చూస్తున్న ఫియోర్డులు.

మరి అన్ని జలపాతాలు ఎందుకు? పెద్ద హిమానీనదం లోతుగా కోసింది. పక్కనుంచి వచ్చి కలిసిన చిన్నవి అంత లోతు కోయలేకపోయాయి. మంచు కరిగాక ఆ చిన్న లోయలు గోడ మధ్యలో వేలాడుతున్నట్టు మిగిలిపోయాయి. ఇప్పుడు వాటిలో పారే వాగులకు ఎత్తునుంచి దూకడం తప్ప వేరే దారి లేదు.

నార్వే అంత ఉత్తరాన ఉన్నా ఫియోర్డులు చాలావరకు చలికాలంలో కూడా గడ్డకట్టవు. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం దానికి కారణం. అందుకే అక్కడ ఏడాది పొడుగునా పడవలు తిరుగుతాయి.

నార్వేలో చూడాల్సినవి ఏవి?

అన్నిటికన్నా పొడవైనది సోగ్నెఫియోర్డ్. పొడవు సుమారు 205 కిలోమీటర్లు. అంటే హైదరాబాద్ నుంచి ఖమ్మం దాకా కొండల మధ్యలోకి సముద్రం వచ్చినట్టు. గరిష్ఠ లోతు 1,300 మీటర్లకు పైనే. మన చార్మినార్ ఎత్తు సుమారు 56 మీటర్లు. 23 చార్మినార్లు ఒకదానిమీద ఒకటి నిలబెట్టి ఆ నీళ్లలో దించినా పైన మినార్ కొస కనిపించదు.

గైరాంగర్‌ఫియోర్డ్, నెరోయ్‌ఫియోర్డ్ అనే రెండిటిని యునెస్కో 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గైరాంగర్‌ఫియోర్డ్ పొడవు 15 కిలోమీటర్లు. 'ఏడుగురు అక్కాచెల్లెళ్లు' అని పిలిచే జలపాతం ఉన్నది ఇక్కడే. నెరోయ్‌ఫియోర్డ్ సోగ్నెఫియోర్డ్‌కు ఒక కొమ్మ. ఒకచోట దాని వెడల్పు 250 మీటర్లే. ఓడ అటుగా పోతుంటే రెండు గోడల మధ్య సందులో నడుస్తున్నట్టు ఉంటుందని చూసినవాళ్లు చెబుతారు.

కొండ మీదినుంచి చూడాలనుకునేవాళ్లు లీసెఫియోర్డ్ దగ్గర ప్రైకెస్తూలెన్ అనే రాతి దిమ్మె ఎక్కుతారు. కింద నీళ్లకు, పైన రాయికి మధ్య 604 మీటర్లు. ఎక్కడానికి, దిగడానికి కలిపి నాలుగైదు గంటలు పడుతుంది. మోకాళ్ల నొప్పులున్న బుజుర్గులకు అది కుదిరే పని కాదు. వాళ్లకు ఫ్లోమ్ రైలు మంచిది. మిర్దాల్ స్టేషన్ నుంచి ఫియోర్డ్ ఒడ్డున ఉన్న ఫ్లోమ్ ఊరికి 20 కిలోమీటర్లు. ఆ కొద్ది దూరంలోనే రైలు 860 మీటర్లకు పైగా కిందికి దిగుతుంది. కూర్చున్నచోటినుంచే అన్నీ చూడొచ్చు.

నార్వే ఈ అందాన్ని ఊరికే అమ్ముకోవడం లేదు, కాపాడుకుంటోంది కూడా. కార్లను దాటించే మొదటి విద్యుత్ ఫెర్రీ 2015లో సోగ్నెఫియోర్డ్‌లోనే మొదలైంది. వారసత్వ జాబితాలో ఉన్న ఫియోర్డుల్లోకి చిన్న ప్రయాణికుల ఓడలు 2026 నుంచి పొగ లేకుండానే రావాలి. పెద్ద ఓడలకు 2032 దాకా గడువు ఇచ్చారు.

మన ఫియోర్డ్ ఏది?

సూటిగా చెప్పాలంటే మన దేశంలో మంచు తొలిచిన ఫియోర్డులు లేవు. కానీ కొండల నడుమ నీళ్ల దారి అనే అందం కావాలంటే మనకు పాపికొండలు ఉన్నాయి.

మహారాష్ట్రలోని త్ర్యంబకేశ్వర్ దగ్గర పుట్టే గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. భద్రాచలం దాటి, కూనవరం దగ్గర శబరిని కలుపుకొని, తూర్పు కనుమల్లోకి వెళ్తుంది. రాజమండ్రి దగ్గర రెండున్నర కిలోమీటర్లకు పైగా పరుచుకునే నది, పాపికొండల దగ్గర కొన్ని వందల మీటర్లకు కుంచించుకుపోతుంది. రెండు వైపులా పచ్చని కొండలు దగ్గరికి వస్తాయి. మలుపు తిరిగినప్పుడల్లా ముందు దారి మూసుకుపోయినట్టు, దగ్గరికి పోగానే తెరుచుకున్నట్టు ఉంటుంది. తల మధ్యలో పాపిడి తీసినట్టు నది కొండలను రెండుగా చీల్చింది కాబట్టి పాపిడి కొండలు, ఆ పేరే పాపికొండలు అయిందని చెప్పుకుంటారు. ఈ అడవిని 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 1973లో వచ్చిన 'అందాల రాముడు', 2006లో వచ్చిన 'గోదావరి' సినిమాలు రెండూ ఈ నదిమీద లాంచీ ప్రయాణం చుట్టూ అల్లినవే.

తేడా ఎక్కడుంది? నార్వే లోయను మంచు కోసింది, పాపికొండల లోయను నది కోసింది. అక్కడ నిలకడైన సముద్రం నీళ్లు, ఇక్కడ పారే నది నీళ్లు. ఈ ఒక్క తేడాలోనే ప్రమాదం కూడా దాగి ఉంది. ఫియోర్డ్‌లో నీళ్లు ఎక్కడికీ ఉరకవు. గోదావరిలో వరద వస్తే, కిలోమీటర్ల వెడల్పులో పారాల్సిన నీళ్లన్నీ కొన్ని వందల మీటర్ల సందులోనుంచి పోవాలి. వేగం పెరుగుతుంది. కొండ మలుపులకు తగిలి వెనక్కి తిరుగుతుంది. సుడులు లేస్తాయి. పైకి నున్నగా కనిపించినా అడుగున నీళ్లు గిరగిరా తిరుగుతుంటాయి.

కచ్చులూరు మరిచిపోవద్దు

2019 సెప్టెంబర్ 15, ఆదివారం. గండి పోచమ్మ దగ్గరినుంచి పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ట అనే బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. ఆ రోజు గోదావరిలో సుమారు ఐదు లక్షల క్యూసెక్కుల వరద ఉంది. బోటులో సిబ్బందితో కలిపి 77 మంది. ప్రాణాలతో బయటపడినవాళ్లు 26 మందే. వాళ్లను కాపాడింది కూడా ముందుగా చుట్టుపక్కల గిరిజనులు, తమ చిన్న పడవలతో. మునిగిన బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబర్ 22న, అంటే అయిదు వారాలు దాటాక, ఒడ్డుకు లాగింది.

ఆ బోటులో మన కాజీపేట పక్కనున్న కడిపికొండ నుంచి వెళ్లినవాళ్లు 14 మంది. తిరిగివచ్చింది ఐదుగురు. ఒకే ఊరు, ఇరుగు పొరుగు, చుట్టాలు, కలిసి నాలుగు రోజులు సంతోషంగా గడుపుదామని వెళ్లినవాళ్లు. కాశిబుగ్గ నుంచి కడిపికొండకు ఆటోలో పోయి రావచ్చు, అంత దగ్గర. అందుకే ఈ ముచ్చట మనకు పేపర్లో చదివే వార్త మాత్రమే కాదు.

ఆ తర్వాత బోట్లు ఆపేశారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 జూన్‌లో బోటు ప్రయాణాల కోసం తొమ్మిది కంట్రోల్ రూములు పెట్టింది. 2021లో పాపికొండల బోట్లు మళ్లీ మొదలయ్యాయి. వరద ఉన్నప్పుడు పంపకూడదు, లెక్కకు మించి ఎక్కించకూడదు, లైఫ్ జాకెట్ లేకుండా కదలకూడదు అన్నవి నియమాలు. నియమాలు కాగితం మీద ఉంటే చాలదు, ఎక్కేవాళ్లు కూడా అడగాలి.

నార్వేలో ప్రమాదమే లేదా?

ఉంది. 1934 ఏప్రిల్ 7న తాఫియోర్డ్ అనేచోట కొండ చరియ ఒకటి విరిగి నీళ్లలో పడింది. 60 మీటర్లకు పైగా ఎత్తున అల లేచింది. ఒడ్డున ఉన్న ఊళ్లలో 40 మంది చనిపోయారు. గైరాంగర్‌కు దగ్గర్లో ఓకెర్‌నెస్ అనే కొండ ఇప్పటికీ మెల్లమెల్లగా పగులుతూనే ఉంది. అక్కడి ప్రభుత్వం ఆ పగులుకు యంత్రాలు బిగించి రాత్రింబవళ్లు కొలుస్తోంది. కొండ వేగంగా కదిలితే కింద ఊళ్లను ముందే ఖాళీ చేయించే ఏర్పాటు ఉంది. ఎనిమిది మీటర్లలోపు సొంత పడవల్లో లైఫ్ జాకెట్ తొడుక్కోవడం 2015 నుంచి చట్టం.

అంటే అందమైనచోట ప్రమాదం ఉండదని కాదు. ప్రమాదాన్ని లెక్కగట్టి, ముందే చెప్పి, తర్వాత పడవ ఎక్కిస్తారు. మనం నార్వే నుంచి నేర్చుకోవాల్సింది ఫోటో తీసుకోవడం కన్నా ఇది.

బోటు ఎక్కేముందు ఏం చూడాలి?

మొదటిది, కాలం. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పాపికొండలకు మంచి రోజులు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా గోదావరి వరదల కాలం, ఆ నెలల్లో అసలు అనుకోవద్దు.

రెండోది, నీటిమట్టం. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. టీవీలో, పేపర్లో ఈ అంకె రోజూ వస్తుంది. మొదటి హెచ్చరిక దాకా ఆగవద్దు. నీళ్లు పెరుగుతున్నాయని వింటేనే ప్రయాణం వాయిదా వేసుకోండి. బుకింగ్ డబ్బులు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు.

మూడోది, టికెట్. పర్యాటక శాఖ లేదా అనుమతి ఉన్న బోటులోనే తీసుకోండి. బోటుకు ఎంతమంది ఎక్కొచ్చో రాసిన బోర్డు ఉండాలి. అందరి పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకుంటున్నారా చూడండి. రాసుకోకుండా ఎక్కిస్తున్నారంటే లెక్క తప్పించుకుంటున్నారని అర్థం.

నాలుగోది, లైఫ్ జాకెట్. ఉక్కపోస్తుందని, ఫోటోలో బాగుండదని చాలామంది విప్పి పక్కన పెడతారు. దిగేదాకా విప్పవద్దు. పిల్లలకు పెద్దవాళ్ల సైజు తొడిగితే నీళ్లలో అది పైకి జారిపోతుంది, పిల్లల సైజు అడిగి తీసుకోండి. బుర్ఖా, చీర, దుపట్టా వేసుకున్న ఆడవాళ్లు జాకెట్‌ను పైనుంచి తొడుక్కొని, బెల్టులు బిగుతుగా కట్టుకోవాలి. కొంగు, దుపట్టా జాకెట్ లోపలికి దోపుకోవాలి. సిగ్గుపడి వదులుగా వదిలేస్తే జాకెట్ ఉన్నా లేనట్టే.

ఐదోది, కూర్చునేచోటు. బయటికి పోయే దారి ఎటుందో ఎక్కగానే చూసుకోండి. ఏదో చూడటానికి అందరూ ఒకేవైపు ఉరికితే బోటు ఒరుగుతుంది. ఖాందాన్ మొత్తం సెల్ఫీకి ఒకే అంచున నిలబడటం మంచిది కాదు.

వరంగల్ నుంచి దారి

రెండు దారులు ఉన్నాయి. ఒకటి భద్రాచలం మీదుగా. హన్మకొండ నుంచి ఆర్టీసీ బస్సు ఉంది. భద్రాచలం నుంచి కూనవరం మీదుగా పోచవరం దాకా రెండు గంటల రోడ్డు ప్రయాణం. అక్కడ బోటు ఎక్కుతారు. రెండోది రాజమండ్రి మీదుగా. వరంగల్ స్టేషన్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్, గౌతమి ఎక్స్‌ప్రెస్ లాంటి రైళ్లు ఎక్కితే నేరుగా దిగొచ్చు. అక్కడినుంచి గండి పోచమ్మ వైపు రేవుకు తీసుకెళ్తారు. ఏ దారిలో వెళ్లినా నదిమీద దాదాపు ఒక పూట గడుస్తుంది. మధ్యలో పేరంటాలపల్లి దగ్గర ఆపుతారు. అక్కడ గిరిజనులు వెదురుతో చేసిన వస్తువులు అమ్ముతారు. బేరం ఆడకుండా ఒకటి కొనండి, వాళ్లకు అదే ఆదాయం.

భోజనం సంగతి: చాలా బోట్లలో శాకాహారమే పెడతారు, కాబట్టి హలాల్ గురించి పెద్ద చింత అక్కర్లేదు. అయినా టికెట్ తీసుకునేటప్పుడే అడగండి. నమాజ్ సంగతి: వరంగల్ నుంచి ఈ దూరం సఫర్ లెక్కలోకే వస్తుంది. మన దగ్గర ఉలమా చెప్పే హద్దు సుమారు 78 కిలోమీటర్లు. నాలుగు రకాతుల ఫర్జ్ రెండుకు తగ్గుతుంది. జుహర్ వేళకు బోటు నది మధ్యలో ఉండొచ్చు, కాబట్టి వజూ చేసుకొని ఎక్కితే సులువు. బోటు ఊగుతుంటే ఎట్లా చదవాలో మీ మసీదు ఇమామ్‌ను ముందే అడిగి పెట్టుకోండి.

ఈ లోయ ఎన్నాళ్లు ఇట్లా ఉంటుంది?

కింద పోలవరం ప్రాజెక్టు కడుతున్నారు. దాని పూర్తి నీటిమట్టం 150 అడుగులు. ఆ మట్టానికి నింపితే పాపికొండల లోయలో నీళ్లు పైకి లేచి, నది రిజర్వాయర్‌గా మారుతుంది. ఫియోర్డ్ అంటే మునిగిన లోయ అని పైన చెప్పుకున్నాం. ఒక రకంగా పాపికొండలు అప్పుడు ఫియోర్డ్‌లాగే అవుతాయి. కానీ నార్వే లోయ మునిగినప్పుడు అందులో ఊళ్లు లేవు. ఇక్కడ ఉన్నాయి. లక్షకు పైగా కుటుంబాలు ముంపు లెక్కలో ఉన్నాయి. అందులో కొండరెడ్లు, కోయలు ఎక్కువ. 2014లో భద్రాచలం చుట్టుపక్కల మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది కూడా ఈ ప్రాజెక్టు కోసమే. దేవీపట్నం వైపు ఊళ్లు ఇప్పటికే ఖాళీ అయ్యాయి.

బోటులోనుంచి ఒడ్డున ఖాళీ ఇళ్లు కనిపిస్తే అవి పాత కట్టడాలు అనుకోవద్దు. అక్కడ నిన్నమొన్నటిదాకా మనుషులు ఉన్నారు. 2019లో మన కడిపికొండవాళ్లను నీళ్లలోనుంచి లాగింది ఆ ఒడ్డున ఉన్నవాళ్లే. వాళ్లకు పరిహారం, ఇల్లు, భూమి సరిగ్గా అందాయా అని అడగాల్సిన బాకీ మనమీద కూడా ఉంది.

నిజంగా నార్వేకే పోవాలంటే?

కొందరికి గల్ఫ్‌లోనో, యూరప్‌లోనో పిల్లలు ఉన్నారు, పోగలరు. నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు కానీ షెంగెన్‌లో ఉంది. పెద్దవాళ్లకు వీసా ఫీజు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. నార్వే సొంత డబ్బు క్రోన్, యూరో నడవదు. యూరప్‌లో ఖరీదైన దేశాల్లో అదొకటి. ఇక్కడ ఏజెంటు దగ్గర విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే ధరతోపాటు టీసీఎస్ కూడా వసూలు చేస్తారు. అది పోయిన డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్న్ వేస్తే సర్దుబాటు అవుతుంది లేదా తిరిగి వస్తుంది. రసీదు మాత్రం పాన్ నంబర్‌తో తీసుకోండి. రేటు మారుతుంటుంది, కొనే రోజు అడగండి.

జూన్ నెలాఖరులో బెర్గెన్ నగరంలో రాత్రి 11 దాటాక మగ్రిబ్ అవుతుంది, తెల్లవారి నాలుగు తర్వాత సూర్యోదయం. మధ్యలో పూర్తి చీకటి పడదు, అందుకని ఇషా, ఫజర్ వేళలను అక్కడి మసీదుల క్యాలెండర్ ప్రకారం చూసుకోవాలి. డిసెంబర్‌లో దీనికి తిరగబడుతుంది: పొద్దున తొమ్మిదిన్నర దాటాక సూర్యోదయం, మధ్యాహ్నం మూడున్నరకే మగ్రిబ్. జంతువుకు స్పృహ తప్పించకుండా జబహ్ చేయడం అక్కడ చట్టం ఒప్పదు. కాబట్టి మాంసం విషయంలో పట్టింపు ఉన్నవాళ్లకు చేపలే సులువు. ఫియోర్డ్ ఊళ్లలో వాటికి కొదవ లేదు. ఓస్లోలో పాకిస్తాన్ మూలాలున్న కుటుంబాలు చాలా ఉన్నాయి, ఉర్దూ వినిపిస్తుంది, మసీదులు ఉన్నాయి.

చివరగా ఒక సలహా. పాపికొండలకైనా నార్వేకైనా వెళ్లేముందు ఖాందాన్ గ్రూపులో హోటల్ ఫోటోలతోపాటు మూడు విషయాలు రాసి పెట్టండి: ఏ బోటు, ఎన్నింటికి ఎక్కుతారు, ఎన్నింటికి దిగుతారు. ఇంట్లో ఉన్న ఒకరికి ఆ లెక్క అప్పజెప్పండి. దిగగానే "దిగినం" అని ఒక్క మెసేజ్ పెట్టండి. ఫోటోలు ఆ తర్వాత.